పెరట్లోకి ఏ కోడి?

పిల్లలూ! చల్లపల్లి, ఘంటసాల, మోపిదేవి పరిసరాల్లో పెరడున్న ఇంట్లో నాలుగు కోళ్ళు తిరుగుతూ ఉండటం మీరు చూసే ఉంటారు. వాటికోసం ఎవరూ పెద్దగా ఖర్చు పెట్టరు. కళ్ళంలో రాలిన గింజలు, చెరిగినప్పుడు పడిన నూకలు, పెంటకుప్పలోని పురుగులు తిని అవే పెరుగుతాయి. ఇంటికి గుడ్లు, పండక్కి కూర, అవసరానికి నాలుగు డబ్బులు ఇస్తాయి.

కొత్తగా కోళ్ళు పెంచుదామనుకున్న ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న: ఏ జాతి కోడి? తాతయ్య నాటుకోడే మేలంటాడు. అమ్మకు గుడ్లు ఎక్కువ పెట్టేది కావాలి. నాన్నకు బరువు తూగేది కావాలి. మీకేమో చేతిలోని గింజలు తినే సాధుకోడి కావాలి. ఈ గుణాలన్నీ ఉన్న కోడి ఒక్కటీ లేదా? లేదు. ఎందుకు లేదో తెలుసుకుంటే, ఏది ఎంచుకోవాలో కూడా తెలుస్తుంది.

వరి వెంట వచ్చిన పక్షి

మన కోళ్ళన్నిటికీ పూర్వీకుడు ఆగ్నేయాసియా అడవుల్లోని ఎర్ర అడవికోడి. అది బెదురు పక్షి. మనిషి అలికిడి అయితే పొదల్లోకి దూరుతుంది, రాత్రి చెట్టెక్కి పడుకుంటుంది. అలాంటిది ఊళ్ళోకి ఎలా వచ్చింది? 2022లో ప్రచురించిన పరిశోధనల్లో శాస్త్రజ్ఞులు ప్రపంచం నలుమూలలా తవ్వకాల్లో దొరికిన కోడి ఎముకలను తిరిగి పరీక్షించారు. వాటిలో పెంపుడు కోడివని చెప్పదగిన అతి పాత ఎముకలు థాయిలాండులోని బాన్ నోన్ వాట్ అనేచోట దొరికాయి. వాటి వయసు సుమారు 3,500 ఏళ్ళు. అక్కడ వరి, చిరుధాన్యాల్లాంటి పంటలు మొదలయ్యాకనే కోడి మనిషి దగ్గరకు చేరిందని వారి అభిప్రాయం. రాలిన గింజ ఆశ చూపి వరిచేను అడవికోడిని ఊళ్ళోకి పిలిచిందన్నమాట. వరి పండే కృష్ణా డెల్టాలో కోడి సుఖంగా బతకడం వింతేమీ కాదు!

మన దేశానికీ ఇందులో వాటా ఉంది. చాలా కోళ్ళకు కాళ్ళు, చర్మం పసుపుగా ఉంటాయి గదా! ఆ పసుపుకు కారణమైన జన్యువు ఎర్ర అడవికోడిది కాదనీ, దక్షిణ భారతపు అడవుల్లోని బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందనీ 2008లో తేలింది.

ఒక పెట్ట ఏడాది లెక్క

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. నాటుపెట్ట 12 నుంచి 15 గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజులు పొదుగుతుంది. తరువాత రెండు నెలల దాకా పిల్లలను రెక్కల కింద పెట్టుకుని తిప్పుతుంది. అన్ని రోజులూ గుడ్డు ఉండదు. ఈ లెక్కన ఏడాదికి మూడు నాలుగు విడతలే వస్తాయి. మొత్తం 36 నుంచి 60 గుడ్లు.

పొదగాలనే కోరిక పెట్టకు ఎలా కలుగుతుంది? మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ప్రోలాక్టిన్ అనే హార్మోను హెచ్చుగా ఊరుతుంది. అప్పుడు పెట్ట గుడ్ల మీద కూర్చుంటుంది. గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. పొదగడం, గుడ్లు పెట్టడం రెండూ ఒకేసారి జరగవు. అందుకే గుడ్ల కోసం కోళ్ళను ఎంచినవారు పొదగని పెట్టలనే తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. ఇటలీ నుంచి వచ్చిన తెల్ల లెగ్‌హార్న్ అలాంటిదే. ఏడాదికి 300 గుడ్ల దాకా పెట్టగలదు గానీ, గుడ్లమీద కూర్చోవడం దాదాపు మరచిపోయింది. గుడ్లు పెరిగాయి, తల్లితనం పోయింది.

మాంసం సంగతీ ఇంతే. త్వరగా బరువెక్కే కోడి తిన్నదానిలో ఎక్కువ భాగం ఒంటికి పట్టించుకుంటుంది. గుడ్లు ఎక్కువ పెట్టే కోడి అదే తిండిని గుడ్లలోకి పంపిస్తుంది. అందుకని బ్రాయిలర్‌కు గుడ్లు తక్కువ, లేయర్‌కు కండ తక్కువ. గుడ్లూ కొంత, మాంసమూ కొంత ఇచ్చే మధ్యరకపు కోడిని ద్వంద్వ ప్రయోజన కోడి అంటారు. పెరటికి కావలసింది ఇదే. అయితే రెండూ ఇస్తుందంటే రెండిట్లోనూ మొదటి స్థానం కాదని గుర్తుంచుకోవాలి.

మన ముందున్న కోళ్ళు

నాటుకోడి: గుడ్లు తక్కువ. గుడ్డు బరువు 40 గ్రాముల దరిదాపు. కానీ తిండి తానే వెతుక్కుంటుంది, గద్దను చూస్తే పిల్లలను హెచ్చరిస్తుంది, చక్కగా పొదుగుతుంది. మట్టి రంగులో కలిసిపోయే ఈకలుంటాయి కాబట్టి శత్రువు కంట త్వరగా పడదు.

అసీలు: నెమలి, కాకి, డేగ అంటూ ఈకల రంగును బట్టి మనవాళ్ళు పేర్లు పెట్టుకున్న జాతి ఇదే. దీనికి ఆంధ్రదేశం పుట్టిల్లు. ఎత్తైన కాళ్ళు, గట్టి కండ, మంచి మాంసం. కానీ తరతరాలుగా పోట్లాట గుణాన్నే ఎంచి పెంచడంతో, కొద్ది వారాల వయసులోనే పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. పది కోళ్ళు కలిసి తిరగాల్సిన పెరట్లో వీటిని సముదాయించడం కష్టం. ఇక కత్తులు కట్టి పందెం వేయడం క్రూరమే కాదు, చట్టరీత్యా నేరం కూడా.

వనరాజా: హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన ద్వంద్వ ప్రయోజన కోడి. రంగురంగుల ఈకలు, సాధు స్వభావం, మంచి బరువు. ఏడాదిన్నర వయసు వచ్చేలోగా 100 నుంచి 110 గుడ్లు పెడుతుంది. బరువైన కోడి కనుక గభాలున ఎగిరి తప్పించుకోలేదు. అతిగా మేపితే కొవ్వు పట్టి గుడ్లు తగ్గిపోతాయి.

గ్రామప్రియ: అదే సంస్థ తయారుచేసినది, గుడ్ల వైపు మొగ్గినది. పెట్ట వనరాజా కంటే తేలిక. పెరట్లో బాగా చూసుకుంటే 150కి పైగా గోధుమరంగు గుడ్లు పెడుతుంది. పుంజులు కూరకు పనికొస్తాయి.

రాజశ్రీ: ఇదీ రాజేంద్రనగర్‌లోనే రూపొందింది. పశువైద్య శాస్త్రజ్ఞులు తెలుగునాట పెరళ్ళను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. గుడ్లలో ఇంచుమించు గ్రామప్రియకు దీటైనది.

ఇక సంతల్లో, వీధుల్లో బుట్టలో పెట్టి అమ్మే ఎరుపు, పచ్చ, గులాబీ రంగు పిల్లలు ఏ జాతివి? ఆ రంగు పూసినది. అవి చాలావరకు గుడ్ల జాతి మగపిల్లలు. గుడ్లు పెట్టవు, కండా పట్టవు. వెచ్చదనం, టీకా లేక ఎక్కువ భాగం చచ్చిపోతాయి. ముచ్చటపడి కొనకండి.

గుడ్డు గాలిలోంచి రాదు

నాటుపెట్ట ఏడాదికి 50 గుడ్లు పెడితే, 40 గ్రాముల చొప్పున 2 కిలోలు. గ్రామప్రియ 150 గుడ్లు పెడితే, 55 గ్రాముల చొప్పున 8 కిలోలు దాటుతుంది. రెండు కిలోలైనా తూగని పెట్ట తన బరువుకు నాలుగింతలకు పైగా గుడ్లు పెడుతున్నదన్నమాట! ఇదంతా తిండిలోంచే రావాలి. ఒక్కొక్క పెంకుకే 2 గ్రాముల దాకా కాల్షియం కావాలి. 150 గుడ్లకు 300 గ్రాములు!

కాబట్టి గ్రామప్రియను తెచ్చి నాటుకోడిలా వదిలేస్తే, అదీ నాటుకోడి అన్ని గుడ్లే పెడుతుంది. రోజూ కొన్ని నూకలు, తవుడు, కాస్త తెలగపిండి, ఆకుకూరల తుంపులు అదనంగా ఇవ్వాలి. కాల్వగట్ల మీద దొరికే నత్తగుల్లలను ఉడకబెట్టి, నలగ్గొట్టి పెడితే పెంకుకు కావలసిన సున్నం దొరుకుతుంది.

నాటుగుడ్డు ఎక్కువ బలమా అని చాలామంది అడుగుతారు. గ్రాముకు గ్రాము పోల్చి చూస్తే మాంసకృత్తులు దాదాపు సమానమే. 50 గ్రాముల గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పెంకు తెలుపా గోధుమా అన్నది జాతిని బట్టి, సొన ఎంత పసుపు అన్నది తిన్న పచ్చగడ్డిని బట్టి ఉంటుంది.

సాధుగుణం ఎక్కడిది?

కొంత పుట్టుకతో వస్తుంది, కొంత పెంపకంతో వస్తుంది. స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయంలో ఒక ప్రయోగం చేశారు. ఎర్ర అడవికోళ్ళలో మనిషికి తక్కువ భయపడేవాటిని మాత్రమే ఎంచి కొన్ని తరాలు జతకట్టించారు. ఎంచింది బెదురు లేకపోవడాన్ని మాత్రమే. కానీ ఆ కోళ్ళు లావుగా పెరిగాయి, వాటి పిల్లలూ పెద్దవిగా పుట్టాయి! ఈ ఫలితాలను 2014లో ప్రకటించారు. సాధుగుణం, పెరుగుదల ఎక్కడో ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది. పెరటికి సాధుకోడిని కోరుకోవడం పిల్లల సరదా మాత్రమే కాదు. బెదరని కోడి సాయంత్రం పిలిస్తే గూటికి వస్తుంది, టీకా వేసేటప్పుడు పట్టుబడుతుంది, జబ్బు చేస్తే త్వరగా మన కంట పడుతుంది.

సంకరజాతి గుడ్లతో చిక్కు

వనరాజా, గ్రామప్రియ వేర్వేరు వంశాలను కలిపి తయారుచేసిన సంకరాలు. వాటి గుడ్లు పొదిగేస్తే పిల్లలు వస్తాయి గానీ, అన్నీ తల్లిలా ఉండవు. కొన్ని బరువు తక్కువ, కొన్ని గుడ్లు తక్కువ. సంకర మొక్కజొన్న కండె నుంచి విత్తనం దాచి మళ్ళీ వేస్తే చేను ఒక్కతీరున రాదని మీ ఇంట్లో రైతును అడిగితే చెబుతాడు. కారణం ఒకటే: జన్యువులు తరువాతి తరంలో విడివడి కొత్తగా కలుస్తాయి. అందువల్ల ఈ పిల్లలను ప్రతిసారీ నమ్మకమైన కేంద్రం నుంచే తెచ్చుకోవాలి. ఎక్కడ దొరుకుతాయో పశువైద్యశాలలోగాని, ఘంటసాలలోని కృషి విజ్ఞాన కేంద్రంలోగాని అడగవచ్చు.

ఇంతకీ ఏది?

తిండి అదనంగా వేయలేని ఇల్లు, కుక్కలు, ముంగిసలు, గద్దల బెడద ఉన్న చోటు అయితే నాటుకోడి. గుడ్లే ముఖ్యం, రోజూ మేత వేయగలం అంటే గ్రామప్రియ లేదా రాజశ్రీ. గుడ్లూ కావాలి, పుంజులను పెంచి అమ్ముకోవాలి అంటే వనరాజా.

అన్నిటికంటే తెలివైన పద్ధతి రెండింటినీ కలపడం. రెండు నాటుపెట్టలను ఉంచుకోండి. పెట్ట పొదుగుకు వచ్చినప్పుడు, దాని కింద మేలుజాతి పొదుగు గుడ్లు ఎనిమిదో పదో పెట్టండి. నాటుతల్లి వాటిని పొదుగుతుంది, రెక్కల కింద వెచ్చగా దాచుకుంటుంది, గింజ ఏరుకోవడం, గద్దను చూసి దాక్కోవడం నేర్పుతుంది. గుడ్లు మేలుజాతివి, తల్లితనం నాటుకోడిది! కొత్తవి వచ్చాయి గదా అని నాటుకోళ్ళను పూర్తిగా వదిలేస్తే ఈ తల్లితనాన్ని మళ్ళీ ఎక్కడినుంచి తెస్తాం?

ఏ కోడైనా తప్పని జాగ్రత్త

ఎంత మంచి జాతి తెచ్చినా కొక్కెర తెగులు వస్తే ఒక్క వారంలో గూడు ఖాళీ అవుతుంది. కుమావూఁ కొండల్లోని రాణిఖేత్‌లో 1927లో గుర్తించారు కాబట్టి దీన్ని రాణిఖేత్ వ్యాధి అనీ అంటారు. ఆకుపచ్చని విరేచనాలు, నోరు తెరిచి రొప్పడం, మెడ మెలిపడటం దీని గుర్తులు. ఇది వైరస్ వ్యాధి, వచ్చాక మందు లేదు. ముందే టీకా వేయించాలి. మొదటి వారంలో కంట్లోగాని ముక్కులోగాని లసోటా చుక్క, ఎనిమిది వారాలకు ఆర్2బి సూది. నాటుకోడికి ఈ రోగం రాదనుకోవడం పొరపాటు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్ళు పెద్దసంఖ్యలో చనిపోయాయి. మీ ఊళ్ళో కోళ్ళు ఒక్కసారిగా గుంపుగా చనిపోతే వాటిని ముట్టుకోకండి, కాలవలో పారేయనివ్వకండి. పశువైద్యుడికి వెంటనే కబురు చేయండి.

మన నల్లరేగడి నేల వానాకాలంలో త్వరగా ఆరదు. తడి గూట్లో పిల్లలకు రక్త విరేచనాలు పట్టుకుంటాయి. గూడును నేలకు ఎత్తుగా కట్టి, అడుగున ఊక పరచి, తడిసినప్పుడల్లా మార్చాలి.

మీరే చేసి చూడండి

1. ఏ పిల్ల సాధువు? కోడిపిల్లలున్న చోట అరచేతిలో నూకలు పెట్టుకుని కదలకుండా పది నిమిషాలు కూర్చోండి. ఏ పిల్ల ఎన్ని నిమిషాలకు దగ్గరకు వచ్చిందో రాసుకోండి. గుర్తుకోసం కాలికి రంగుదారం వదులుగా కట్టండి. వారం రోజులు ఇలాగే చేయండి. అన్నీ సమానంగా మచ్చికయ్యాయా? మొదటిరోజు ముందు వచ్చినదే చివరిదాకా ముందు ఉందా? తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి.

2. గుడ్డులో ఏముంది? పొదిగేసిన ఏడో రోజు రాత్రి, పెద్దల సాయంతో గుడ్డును టార్చిలైటు ముందు పట్టి చూడండి. సాలెగూడులాంటి ఎర్రని నరాలు కనిపిస్తే పిల్ల పెరుగుతున్నట్లు. తేటగా ఉంటే పిల్ల కట్టని గుడ్డు.

3. మీ వీధిలో ఐదు ఇళ్ళకు వెళ్ళి పట్టిక తయారుచేయండి: కోడి జాతి, రోజూ వేసే మేత, నెలకు గుడ్లు, టీకా వేయించారా, ఏడాదిలో పోయిన కోళ్ళు. గుడ్లు ఎక్కువ వచ్చిన ఇల్లు, కోళ్ళు తక్కువ పోయిన ఇల్లు ఒకటేనా? మీ పట్టికను తరగతిలో చర్చించండి. మీ పెరటికి ఏ కోడి తగునో అదే చెబుతుంది.