ఓటు వచ్చాక కొన్న ఇల్లు

బంగారుతల్లికి,

వాషింగ్టన్‌లో క్యాపిటల్ దగ్గర ఏం చూడాలని అడిగావు. సెనేట్ ఆఫీసులను ఆనుకుని పాత ఇటుకల ఇల్లొకటి ఉంది, బెల్మాంట్-పాల్ హౌస్. 1800 ప్రాంతంలో కట్టారు, 1814లో బ్రిటిష్ సైన్యం తగలబెడితే మళ్లీ లేపారు. ఆ కథ గైడు ఎలాగూ చెబుతారు.

ఆడవాళ్ల ఓటు కోసం పోరాడిన నేషనల్ ఉమన్స్ పార్టీ ఆ ఇంట్లో చేరింది 1929లో. అమెరికాలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది 1920లో. మరి గెలిచాక ఆఫీసెందుకు? నా దృష్టిలో ఆ ఇంటి విలువంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఓటుతో పని అయిపోలేదని పార్టీ నాయకురాలు ఆలిస్ పాల్ 1923లోనే సమాన హక్కుల సవరణ రాసింది. అంతకుముందున్న ఆఫీసును సుప్రీంకోర్టు భవనం కోసం ప్రభుత్వం తీసుకుంటే, పరిహారం రాబట్టుకుని మళ్లీ క్యాపిటల్ పక్కనే మకాం పెట్టారు. ఆ సవరణను కాంగ్రెస్ 1972లో ఆమోదించింది. గడువు పెట్టిన 1982 నాటికి 38 రాష్ట్రాలు ఒప్పుకోవాల్సి ఉండగా 35 దగ్గర ఆగింది. ఆలిస్ 1977లోనే పోయింది.

జైలు తలుపు ఆకారంలో ఉండే చిన్న వెండి బ్రోచ్ గురించి తప్పకుండా అడుగు. గొలుసు, గుండె ఆకారపు తాళం కూడా ఉంటాయి దానికి. 1917 జనవరి నుంచి ఆ పార్టీ ఆడవాళ్లు ఓటు కోసం వైట్‌హౌస్ గేటు ముందు బ్యానర్లు పట్టుకుని నోరు మెదపకుండా నిలబడ్డారు. దారికి అడ్డమని కేసు పెట్టి జైల్లో వేశారు. అన్నం మానేస్తే గొట్టాలతో బలవంతంగా ఎక్కించారు. అలా జైలుకెళ్లిన వాళ్లకు పార్టీ ఇచ్చిన బ్రోచ్ అది. మన స్వాతంత్య్ర సమరయోధుల తామ్రపత్రం లాంటిదనుకో, కాకపోతే ఇందులో సర్కారు చెయ్యి లేదు.

నాకు అంతకన్నా ముచ్చటేసింది వాళ్ల కార్డుల పెట్టె. ఒక్కో కాంగ్రెస్ సభ్యుడికీ ఒక్కో కార్డు. ఎవరి మాట వింటాడు, తల్లి ఎలాంటిది, ఖాళీ దొరికితే ఏం చేస్తాడు, అన్నీ రాసిపెట్టుకునేవారు. తల్లి సంగతెందుకంటావేమో! 1920లో టెన్నెసీ శాసనసభలో 24 ఏళ్ల హ్యారీ బర్న్ తల్లి ఉత్తరం చూసి మనసు మార్చుకుని ఆడవాళ్ల ఓటు హక్కు సవరణకు అనుకూలంగా ఓటేశాడు. ఆ రాష్ట్రం ఒప్పుకోవడంతోనే సవరణకు కావాల్సిన రాష్ట్రాల లెక్క పూర్తయింది.

ఒక్కటి మాత్రం గైడును అడగకుండా రాకు. 1913 మార్చి 3న ఓటు హక్కు కోసం ఆలిస్ పాల్ ఏర్పాటు చేసిన ఊరేగింపులో, నల్లజాతి మహిళ ఐడా బి. వెల్స్‌ను వెనక వరుసల్లో నడవమన్నారు. ఆమె జనంలో నిలబడి, తన ఇల్లినాయిస్ బృందం రాగానే అందులో కలిసిపోయింది. ఆలిస్ అంటే నాకు గౌరవమే, కానీ ఈ సంగతి దాటేసి ఆమెను పొగడలేను. ఆ ఇంట్లో దీన్నెలా చెబుతున్నారో విని, ఫోన్లో కాదు, రాసి పంపు.

మీ అమ్మమ్మ