హిమాలయాల్లో టీ ఇళ్ళ దారి – ఒక నడక పాఠం



2014 మే 25వ తేదీన సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులిద్దరు ఎవరెస్టు శిఖరం ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు నిండలేదు. అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెకంటే కొద్దిగా పెద్దవాడు. ఆ వార్త మన హాస్టళ్ళన్నింటిలో పండుగ చేసింది. అయితే పండుగ అయిపోయాక మనలో చాలామంది "అది వాళ్ళకే చెల్లింది, మనవల్ల ఏమవుతుంది" అనుకొని ఊరుకున్నాం.

ఈ వ్యాసం ఎవరెస్టు గురించి కాదు. పర్వతారోహణ శిక్షణ లేని మామూలు విద్యార్థి కూడా గైడు తోడుతో నాలుగైదు రోజుల్లో నడవగలిగే ఒక హిమాలయ దారి గురించి. పూర్ణ, ఆనంద్ భువనగిరి కోట గుట్టపై మొదటి పాఠాలు నేర్చుకొని, తరువాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందారు. టెన్సింగ్, హిల్లరీ 1953లో ఎవరెస్టు ఎక్కిన తరువాత, 1954లో ఆ సంస్థ ఏర్పడింది. మేము చెప్పబోయే సందక్‌ఫూ దారి ఆ డార్జిలింగ్ దగ్గరిదే. ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు పి.జి. చేస్తున్న మిత్రులం నలుగురం ఆ దారిలో నడిచి వచ్చాం. తెలుసుకున్నది తమ్ముళ్ళకు పాఠంగా చెప్పాలని ఈ ప్రయత్నం.

1. టీ ఇల్లు అంటే ఏమిటి?

పేరు విని టీ కొట్టు అనుకోవద్దు. కొండదారిలో ఒక కుటుంబం తమ ఇంట్లోనే బాటసారులకు భోజనం, పడక ఇస్తే దానిని టీ హౌస్ అంటారు. గదిలో రెండు మూడు మంచాలు, దళసరి బొంతలు ఉంటాయి. వంటింటి పొయ్యి దగ్గరే అందరూ కూర్చొని తింటారు. అందువల్ల గుడారం, వంట సామాను, బియ్యం మోసుకు వెళ్ళనవసరం లేదు. ఖర్చు తగ్గుతుంది, వీపు మీద బరువూ తగ్గుతుంది.

ఇది మనకు కొత్త పద్ధతి కాదు. బదరీ, కేదార యాత్రలు కాలినడకన సాగిన కాలంలో దారి పొడవునా "చట్టీలు" ఉండేవి. చట్టీలో దుకాణదారు దగ్గర బియ్యం, పప్పు కొంటే చాలు. వండుకోవడానికి పాత్రలు, పడుకోవడానికి చోటు ఇచ్చేవాడు. యమునోత్రి దారిలో హనుమాన్ చట్టి, జానకి చట్టి అనే ఊళ్ళ పేర్లు ఆనాటి గుర్తులే. టీ ఇంటి లెక్క కూడా దాదాపు ఇంతే. గది అద్దె తక్కువ, భోజనంపైనే వారి బతుకు. కనుక ఒక ఇంట్లో బస చేసి వేరేచోట తినడం మర్యాద కాదు.

పైకి వెళ్ళేకొద్దీ భోజనం ధర పెరుగుతుంది. మోసం అనుకోకూడదు. ప్రతి గ్యాసు బండ, ప్రతి బియ్యం మూట జీపు మీదనో గుర్రం మీదనో మనిషి వీపు మీదనో అక్కడికి చేరాలి. అన్నం, పప్పు, కూర కలిపిన "దాల్ భాత్" అన్నింటికంటే మేలు. మారు వడ్డిస్తారు కాబట్టి హాస్టల్ పిల్లలకు కడుపు నిండుతుంది.

2. దారి వివరం

సికింద్రాబాద్ నుండి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా, కలకత్తా నుండి మరో రైలులో న్యూ జల్‌పాయ్‌గురి, అక్కడి నుండి జీపులో మానేభంజన్ చేరాలి. నడక అక్కడే మొదలవుతుంది.

మొదటి రోజు: చిత్రే, మేఘ్మా మీదుగా తుమ్లింగ్. సుమారు 11 కిలోమీటర్లు, ఎక్కువ భాగం ఎక్కుడే. ఈ దారి భారత్, నేపాల్ సరిహద్దు వెంబడి పోతుంది. తుమ్లింగ్ నేపాల్ వైపు ఉన్న ఊరు.

రెండవ రోజు: గైరీబాస్ వరకు దిగి, మళ్ళీ కయ్యాకట్టా మీదుగా కాలిపోఖరీకి ఎక్కాలి. సుమారు 13 కిలోమీటర్లు. కాలిపోఖరీ అంటే నల్ల చెరువు.

మూడవ రోజు: బిఖేభంజన్ మీదుగా సందక్‌ఫూ. దూరం 6 కిలోమీటర్లే అయినా చివరి ఎక్కుడు నిటారుగా ఉంటుంది. ఇక్కడ వత్సనాభి అనే విషపు మొక్క పెరుగుతుంది. బిఖేభంజన్‌కు ఆ పేరు దాని వల్లనే వచ్చిందంటారు. తెలియని ఆకును, పువ్వును ముట్టుకోరాదు.

నాలుగవ రోజు: గుర్దుమ్ మీదుగా శ్రీఖోలాకు దిగుడు.

సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాల్‌లో అదే ఎత్తయిన చోటు. ఆకాశం తేటగా ఉంటే ఎవరెస్టు, లోత్సే, మకాలు, కాంచనగంగ కనిపిస్తాయి. కాంచనగంగ (8,586 మీ.) శిఖరాల వరుస పడుకున్న మనిషిలా ఉంటుంది. దానిని అక్కడివారు "నిద్రిస్తున్న బుద్ధుడు" అంటారు. మన హాస్టల్ గోడ మీద అంబేద్కర్ పటం పక్కన బుద్ధుని పటం చూస్తూ పెరిగినవాళ్ళకు ఆ పేరు వినగానే కలిగే భావం వేరుగా చెప్పనవసరం లేదు.

ఈ దారి సింగలీలా నేషనల్ పార్కు గుండా పోతుంది. గైడు లేకుండా నడవనివ్వరు. జూన్ 16 నుండి సెప్టెంబరు 15 వరకు పార్కు మూసి ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో శిఖరాలు బాగా కనిపిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో రోడోడెండ్రాన్ పూలు పూస్తాయి.

3. ఎత్తు మన శరీరానికి ఏమి చేస్తుంది?

ఇది పాఠంలో ముఖ్య భాగం. శ్రద్ధగా చదవండి.

గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కడైనా 21 శాతమే. కానీ పైకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. సందక్‌ఫూ వద్ద అది సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ. అంటే ఒక్కొక్క శ్వాసలో అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందుకే ఆయాసం వస్తుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఒత్తిడి తగ్గడం వల్ల అక్కడ నీళ్ళు సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్ లేకపోతే పప్పు త్వరగా ఉడకదు.

చలి లెక్క కూడా తెలుసుకోండి. ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. తేడా దాదాపు 3,100 మీటర్లు కనుక, ఎత్తు వల్లనే 20 డిగ్రీలు తగ్గుతుంది. పైగా ఆ ప్రాంతం మనకు ఉత్తరాన ఉంది.

సాధారణంగా 2,500 మీటర్లు దాటితే ఎత్తు జబ్బు రావచ్చు. తలనొప్పి, ఆకలి లేకపోవడం, వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం దాని తొలి లక్షణాలు. బలవంతునికి రాదు, బలహీనునికి వస్తుంది అనేది తప్పు. కబడ్డీ ఆటగాడికీ రావచ్చు. అప్పుడు చేయవలసినవి:

(అ) లక్షణాలు ఉండగా ఇంకా పైకి వెళ్ళరాదు. అక్కడే విశ్రాంతి తీసుకోవాలి.
(ఆ) తగ్గకుండా పెరుగుతుంటే కిందికి దిగాలి. దిగడమే అసలు మందు.
(ఇ) నడక తూలడం, మాటలో తికమక, కూర్చున్నా ఆయాసం, ఎడతెగని దగ్గు ఉంటే ప్రాణాపాయం. రాత్రయినా సరే వెంటనే దించాలి.
(ఈ) 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదు.
(ఉ) మద్యం, నిద్రమాత్రలు వద్దు. మాత్రలేవైనా డాక్టరును అడిగే వేసుకోవాలి.

4. గైడు చేసే పని

గైడు అంటే దారి చూపేవాడు మాత్రమే కాదు. మా గైడు ప్రతి సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడిగేవాడు: తిన్నావా? తల నొప్పిగా ఉందా? నిన్న రాత్రి నిద్ర పట్టిందా? కాలిపోఖరీలో మాలో ఒకడు తల నొప్పిగా ఉందని, అన్నం పోవడం లేదని చెప్పాడు. నొప్పి తగ్గేవరకు పైకి పోయేది లేదని గైడు తేల్చేశాడు. ఒక రోజు బస పెరిగితే నలుగురి ఖర్చూ పెరుగుతుంది. మేము డబ్బులు లెక్క చూసుకున్నాం; తిరుగు దారిలో జీపులో వెళ్ళాలనుకున్న చోట నడిస్తే సరిపోతుందని తేలింది. ఆగిపోయాం. మరుసటి రోజుకు వాడు రెండుసార్లు అన్నం పెట్టించుకు తిన్నాడు. ఆ తరువాతనే కదిలాం. పైన శిఖరాలు పావుగంట సేపు కనిపించి మబ్బులో కలిసిపోయాయి. ఆ పావుగంటలో నలుగురం పక్కపక్కన ఉన్నాం.

హాస్టల్ పిల్లలకు ఒక అలవాటు ఉంది. జ్వరమొచ్చినా చెప్పం. చెబితే ఇంటికి పంపుతారేమో, అమ్మానాన్నల ఒక రోజు కూలి పోతుందేమో అని భయం. ఆ ఓర్పు మనల్ని చాలా దూరం నడిపించింది నిజమే. కానీ కొండ మీద ఆ అలవాటు ప్రాణం తీస్తుంది. నొప్పిని చెప్పడం పిరికితనం కాదు, తోటివారి పట్ల బాధ్యత.

5. మోసే మనిషి

హిమాలయాల్లో బరువులు మోసేవారు "డోకో" అనే వెదురు బుట్టను వీపున పెట్టి, "నామ్లో" అనే పట్టీని నుదుటికి తగిలించుకొని నడుస్తారు. బరువంతా మెడ, వెన్ను మీద పడుతుంది. జీడిమెట్ల కంపెనీల్లో, లారీ అడ్డాల్లో హమాలీ పని చేసే తండ్రుల పిల్లలం మనలో ఎందరో ఉన్నాం. మూట బరువేమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

కనుక సామాను మనమే మోయగలిగినంత తీసుకుపోవాలి. కూలీని పెట్టుకుంటే బరువు హద్దు, కూలి డబ్బు ముందే మాట్లాడాలి. అతనికి స్వెట్టరు, రాత్రి పడక, భోజనం ఉన్నాయో లేదో చూడాలి. అతనికి జబ్బు చేస్తే ఒంటరిగా కిందికి పంపరాదు. పేరు అడిగి తెలుసుకోవాలి. అక్కడ పెద్దవాడిని "దాజు" అంటారు, మనం అన్నా అన్నట్లే. టీ ఇంటి ఆవిడను "దీదీ" అని పిలవాలి.

6. తయారీ

రెండు నెలల ముందు నుండి వారానికి నాలుగు రోజులు గంటసేపు వేగంగా నడవండి. ఆదివారం సంచిలో 5 కిలోల పుస్తకాలు వేసుకొని మన గాజులరామారం గుట్టలు ఎక్కి దిగండి. దిగుడే మోకాళ్ళను పరీక్షిస్తుంది. కొత్త బూట్లతో బయలుదేరవద్దు, నెల రోజులు తొడిగినవి కావాలి. నూలు బనియను చెమటకు తడిసి చలి పెంచుతుంది. త్వరగా ఆరే బట్టలు, ఉన్ని స్వెట్టరు, కుల్లా, వానకోటు, టార్చి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, నీళ్ళ సీసా చాలు. గుర్తింపు కార్డు తప్పనిసరి. ముందుగా డాక్టరుకు చూపించుకోండి. ప్లాస్టిక్ చెత్త తిరిగి కిందికి తేవాలి.

చివరగా ఒక మాట. నెల్లూరు జిల్లాలోని గిరిజన కుటుంబంలో పుట్టిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయాడు. పూర్ణ 2022లో డెనాలి ఎక్కి తన ఏడు శిఖరాలు పూర్తి చేసింది. అంతటివారికీ కొండ సులువు కాదు. కొండ ఎవరి కులం, ఎవరి మార్కులు అడగదు. జాగ్రత్త ఉందా లేదా అన్నదే చూస్తుంది. వచ్చే సెలవుల్లో మన హాస్టల్ నుండి నలుగురైదుగురు బయలుదేరితే, దారి చెప్పడానికి పూర్వ విద్యార్థులం మేమున్నాం. ముందు ఈ ఆదివారం గుట్ట ఎక్కండి.