విశ్వాసము – సత్క్రియలు

విశ్వాసము వలన రక్షణ పొందిన క్రైస్తవుడు సత్క్రియలు మానివేసినచో ఆ రక్షణను కోల్పోవునా? ఈ ప్రశ్న చాల ప్రాచీనమైనది.

వాదమునకు మూలము అబ్రాహాము చరిత్ర. ఆయన విశ్వాసమును దేవుడు నీతిగా పరిగణించెనని ఆదికాండము 15వ అధ్యాయము తెలుపుచున్నది. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో ఈ వాక్యమునే చూపి, రక్షణ పనికి దొరకు కూలి కాదు, కృప అని వాదించెను. యాకోబు తన పత్రికలో అదే వాక్యమును చూపి, కుమారుని బలి ఇయ్య సిద్ధపడుటతోనే ఆ విశ్వాసము పూర్ణమైనదనెను. క్రియలు లేని విశ్వాసము నిర్జీవమనెను.

తరువాతివారు ఈ రెంటిని పలువిధముల సమన్వయించిరి. ఘోరపాపము వలన కృప పోవునని, పశ్చాత్తాపము వలన మరల లభించునని 1547లో కథోలికుల ట్రెంట్ మహాసభ నిర్ణయించెను. దేవుడు ఎన్నుకొన్నవారు తొట్రుపడినను తుదకు నశింపరని 1618–19లో డోర్ట్ సభయందు కాల్విన్ మార్గీయులు తీర్మానించిరి. నిజవిశ్వాసియు పతనము కావచ్చునని 18వ శతాబ్దమున జాన్ వెస్లీ బోధించెను. 1999లో ఆగ్స్‌బర్గ్ నగరమున కథోలిక, లూథరన్ ప్రతినిధులు ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసిరి. రక్షణ కృప వలననే, సత్క్రియలు దాని ఫలములని అందు అంగీకరించిరి.

కాపు లేని చెట్టును చూచి ఒకరు ఎండిపోయినదందురు. మరియొకరు మొదటనే వేరూనలేదందురు. కాపు అక్కరలేదని వీరిలో ఎవరును అనలేదు. తన పాపములకు భయపడువానికి పౌలు ఊరట; నమ్మితిని, చాలునని నిద్రించువానికి యాకోబు హెచ్చరిక. ఒకే మనిషికి ఒక్కొక్కనాడు ఒక్కొక్కటి అవసరమగును. రెండు పత్రికలును ఒకే గ్రంథమున నిలిచియుండుట అందుకు తగియున్నది.