వీరులపాడు నుంచి హాంబర్గ్ దాకా



పాటిబండ్ల చంద్రశేఖరరావు 1936లో కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి ఢిల్లీలో విదేశాంగ శాఖ న్యాయ విభాగంలో చేరారు. 1970లలో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి వద్ద ఉండే భారత కార్యాలయంలో న్యాయ సలహాదారుగా పనిచేశారు. ఆయన పేరుకు రాయబారి కారు. అయినా రాయబారి నోటి నుంచి వచ్చే మాటకు చట్టంలో ఆధారం ఉందో లేదో చూడటం అలాంటి సలహాదారు పనే. రెండు దేశాలు సంతకం చేసే కాగితంలో ప్రతి పదం ఇలాంటి వాళ్ల చేతిమీదుగానే పోతుంది.

న్యాయవాదులు రాయబారులు కావడం కొత్త కాదు. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి బరంపురంలో ప్లీడరీ చేసిన వి.వి. గిరి 1947 నుంచి 1951 వరకు సిలోన్‌లో భారత హైకమిషనర్‌గా ఉన్నారు. కాకపోతే ఆయనను అక్కడికి చేర్చింది కార్మికోద్యమం, రాజకీయం. చంద్రశేఖరరావును పైకి తెచ్చింది ముసాయిదా రాసే బల్ల. చదువుకునే కుర్రవాళ్లు పట్టించుకోవలసింది ఈ రెండో దారినే.

ఆ బల్ల దగ్గర సంవత్సరాల తరబడి నడిచిన పని సముద్ర చట్టం. తీరదేశానికి సముద్రం మీద ఎంత దూరం హక్కు, అందులో చేపలెవరివి, అడుగున ఉన్న ఖనిజాలెవరివి అన్న ప్రశ్నలకు 1982 ఒడంబడిక జవాబులు రాసింది. 1994లో అది అమలులోకి వచ్చింది. మరుసటి ఏడు భారత్ ధ్రువీకరించింది. చంద్రశేఖరరావు ఈ విషయం మీద 1983లోనే పుస్తకం రాశారు. తర్వాత కేంద్ర న్యాయశాఖలో కార్యదర్శి అయ్యారు. 1996లో జర్మనీలోని హాంబర్గ్‌లో మొదలైన సముద్ర న్యాయస్థానానికి ఎన్నికైన తొలి 21 మంది న్యాయమూర్తుల్లో ఆయన ఒకరు. 1999 నుంచి 2002 వరకు అధ్యక్షుడు. 2017 దాకా న్యాయమూర్తిగా కొనసాగారు.

ఆయన అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వచ్చిన కమూకో కేసు ఈ పని ఎలాంటిదో చూపిస్తుంది. పనామా జెండా కట్టుకున్న కమూకో అనే చేపల ఓడను దక్షిణ హిందూ మహాసముద్రంలో ఫ్రాన్స్ పట్టుకుంది. ఓడను వదలాలంటే రెండు కోట్ల ఫ్రాంకుల పూచీకత్తు కట్టమంది. 2000 ఫిబ్రవరిలో న్యాయస్థానం దాన్ని ఎనభై లక్షలకు తగ్గించి, ఓడను వదలమంది. తగినంత పూచీకత్తు తీసుకుని ఓడను వెంటనే వదలాలన్న ఒడంబడిక షరతే ఆ తీర్పుకు ఆధారం. పెద్ద దేశమైనా తాను సంతకం పెట్టిన మాటకు కట్టుబడవలసి వచ్చింది.

సముద్రం కనపడని అనంతపురం కుర్రవాళ్లకు ఇదంతా దూరపు సంగతి కాదు. ఈ జిల్లాకు ఎగువ కాలువ (హెచ్చెల్సీ)లో వచ్చే తుంగభద్ర నీళ్లు కూడా కాగితం మీద రాసుకున్న మాటల నుంచే పారుతున్నాయి. 1944లో మద్రాసు, హైదరాబాదు చేసుకున్న ఒప్పందం, 1953లో ఏర్పడ్డ తుంగభద్ర బోర్డు, నదీజలాల తగవు తేల్చిన బచావత్ ట్రైబ్యునల్ తీర్పు ఈ పంపకానికి పునాదులు. ఆంధ్రప్రదేశ్ ఎగువ కాలువకు 32.5 టీఎంసీలు కేటాయించారు. నీళ్లు తగ్గిన ఏడు వచ్చే తగవులో గెలిచేది ఆ పత్రాలను అక్షరం అక్షరం చదివినవాడే. రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య నీటి పేచీని అర్థం చేసుకోగలిగిన బుర్రకు, దేశానికీ దేశానికీ మధ్య పేచీ అందకుండా పోదు.

ఈ దారి పట్టాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: విదేశాంగ శాఖ న్యాయ విభాగం వేరు, రాయబారుల సర్వీసైన ఐఎఫ్‌ఎస్ వేరు. న్యాయ విభాగం అధికారుల కోసం యూపీఎస్సీ విడిగా ప్రకటనలు ఇస్తుంది. వాటికి అంతర్జాతీయ న్యాయంలో పీజీ చదువు బాగా అక్కరకొస్తుంది. వక్తృత్వం ఇక్కడ రెండో మాట, ముందు కావలసింది ఓపిక. ఇంగ్లిషులో తప్పు లేకుండా, అనవసరమైన పదం పడకుండా రాయగలగాలి. అది వచ్చేవరకు ఎన్నిసార్లైనా తిరగరాయాలి.

కేరళ తీరంలో ఇద్దరు జాలర్లను కాల్చిన ఇటలీ నావికుల కేసులో భారత్ తన మధ్యవర్తిగా చంద్రశేఖరరావునే ఎంచుకుంది. 2018లో ఆయన చనిపోయాక ఆ కుర్చీలో కూర్చున్నది మరో తెలుగువాడు, విదేశాంగ శాఖ న్యాయ విభాగానికి ఏళ్లపాటు పెద్దగా ఉన్న పెమ్మరాజు శ్రీనివాసరావు. 2020లో తీర్పు వచ్చింది. నువ్వూ ఈ దారిలో నడవాలనుకుంటే, బచావత్ తీర్పు ప్రతి సంపాదించి, ఈ సెలవుల్లోనే చదవడం మొదలుపెట్టు.