గ్రామపు ఆయువుపట్టులు – గుర్తింపు, రక్షణ

ఆనకట్టలు, రైలుమార్గములు, విద్యుత్కేంద్రములు దేశమునకు ఆయువుపట్టులు. వీనిలో ఒకటి నిలిచినచో దానిపై ఆధారపడిన పెక్కు పనులు నిలిచిపోవును. కనుక వీనిని ముందుగా గుర్తించి కాపాడుట ప్రభుత్వముల విధి. గ్రామమునకును ఇట్టి ఆయువుపట్టులు కలవు. వానిని గుర్తించు భారము పంచాయతీ సభ్యులది.

గుర్తించుట ఎట్లు? రెండు ప్రశ్నలు చాలును. ఇది మూడు దినములు పనిచేయకున్న ఏమేమి ఆగును? దీనికి మారు కలదా? పంచాయతీ భవనము ఖరీదైనదే. అయినను అది మూతపడినచో సభను రచ్చబండపై జరుపవచ్చును. ట్రాన్స్‌ఫార్మరు చెడినచో మోటారు ఆగును, నీళ్లట్యాంకు ఎండును. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతమున పెక్కు గ్రామముల భూగర్భజలములో ఫ్లోరైడు అధికము. అచ్చట పాత బోరునీరు త్రాగుట మారు కాజాలదు. కావున ఆ ట్రాన్స్‌ఫార్మరే ఆయువుపట్టు.

గుర్తించిన పిదప కాపాడవలెను. విజయనగర రాజుల కాలమున గుండ్లకమ్మపై, కొండల నడుమ సందును మూసి కట్టిన కంభము చెరువు నేటికిని నిలిచియున్నది. 2020లో అది ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తింపు పొందినది. అదే నదిపై దిగువన మల్లవరమువద్ద గల ఆధునిక జలాశయమున 2022 ఆగస్టులో ఒక గేటు, 2023 డిసెంబరులో మరియొక గేటు కొట్టుకొనిపోయి, నిలువయున్న నీరు వృథాగా సముద్రముపాలైనది. కట్టుట ఒక్కనాటి పని. కాపాడుట ఏటేటి పని.

ఈ విషయమును మన పూర్వు లెరుగుదురు. గిద్దలూరునకు దక్షిణమున గల పోరుమామిళ్లలోని 1369 నాటి చెరువు శాసనము మంచి చెరువునకు 12 అంగములను, 6 దోషములను పేర్కొన్నది. కట్టనుండి నీరూరుట ఆ దోషములలో ఒకటి.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము పెద్ద ఆనకట్టలకు వర్షాకాలమునకు ముందును, తరువాతను తనిఖీ విధించినది. ఊరి చిన్న చెరువునకు గ్రామస్థుల కన్నే కాపు. కనుక సభ్యులు ఈ పనులు చేయవలెను:

1. ఆయువుపట్టుల పట్టిక వ్రాసి, ఒక్కొక్కదానికి మారు ఏర్పాటును నిర్ణయించుట.

2. వానలకు ముందే చెరువుకట్టపై చెట్లను, ఎలుకబొక్కలను, తూమును, అలుగును పరీక్షించుట. నీరు వచ్చు వాగులలో ఆక్రమణలను తొలగింపజేయుట.

3. లోపము కనబడిన దినముననే సంబంధిత ఇంజనీరునకు వ్రాతపూర్వకముగా తెలుపుట.

4. ఒక్కొక్క దానిని కనిపెట్టియుండు బాధ్యతను ఒక్కొక్క సభ్యునికి అప్పగించుట.

రాబోవు గ్రామసభయందే ఈ పట్టికను చదివి వినిపింపుడు. విడిచిపోయిన వానిని గ్రామస్థులే చెప్పుదురు.