తరువాతి బస్సు

అనకాపల్లి 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాకేంద్రమైనది. కలెక్టరు కార్యాలయము వచ్చినది. జాతీయ రహదారి ప్రక్కన క్రొత్త మేడలు లేచినవి. కాని కళాశాలలు విడిచిన వేళ ఆర్టీసీ కాంప్లెక్సులో నిలిచి చూచినవారికి, చోడవరమువారు చోడవరమువారితోను, మునగపాకవారు మునగపాకవారితోను, యలమంచిలివారు యలమంచిలివారితోను గుమిగూడి, ప్రక్క గుంపు వంక కన్నెత్తియైనను చూడక, తమ తమ బస్సులకై మెడలు చాచి నిలిచియుండు దృశ్యము నేటికిని తప్పక గోచరించును. కళాశాల జీవితమని మనము ఘనముగా చెప్పుకొనునది ఈ యూర ఉదయపు బస్సులో వచ్చి సాయంకాలపు బస్సులో పోవుచున్నది. హాస్టలులోనుండువారి సంగతి వేఱు. తక్కినవారి స్నేహములకు పొలిమేర నిర్ణయించునది పల్లెవెలుగు బస్సు.

అట్లని యీ పట్టణమున తెలిసికొనదగిన మనుష్యులు లేరా? దేశములోని పెద్ద బెల్లపు మార్కెట్లలో నొకటి యిచ్చటనే యున్నది. 1913 నుండియు చెరకుపై పరిశోధన చేయుచున్న కేంద్ర మిచ్చటనే యున్నది. వర్తకసంఘము తన పేరనే యొక కళాశాలను నెలకొల్పిన యూరిది. కొలగారమనబడు బెల్లపు కొట్టుగల వర్తకుని కొడుకును, అదే మార్కెట్టులో దిమ్మలు మోయు కళాసీ కూతురును, చెరకు రైతు బిడ్డయు, పూడిమడక నుండి వచ్చు మత్స్యకారుల కుఱ్ఱవాడును ఒకే గదిలో కూర్చుండి ఒకే పాఠము వ్రాసికొందురు. మూడేండ్లు గడచి, టీసీలు చేతికి వచ్చునాటికి ఒకరి యింట పొయ్యి యెట్లు వెలుగుచున్నదో మఱియొకరికి తెలియదు. వాట్సాప్ గ్రూపులో మాత్రము అందఱును నుందురు. దానిలో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప వేఱొకటి కనబడిన నాకు చూపుడు. నాయనలారా, ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదా?

కోపముతో ననుచున్నానని యెంచవలదు; నేనును ఆ గుంపులలోని వాడనే. నేను చదివినది ఏ కళాశాలయో చెప్పను. శారదానది ఒడ్డున నున్న పల్లెనుండి వచ్చిన నాకు నోరు తెఱచినచో “ఏటి” అనుమాట ముందు వచ్చెడిది. అది విని వెనుక బల్లనుండి ఎవరో కిసుక్కుమని నవ్వెడివారు. ఆ నవ్వునకు వెఱచి చాలకాలము మా యూరివారితో తప్ప మాటలాడనైతిని. కంఠము పెగలకపోవుట యెట్టి బాధయో నాకు తెలియును. ఈనాటికిని క్రొత్తవారి ముందు అఱచేతులు చెమర్చుచునే యున్నవి. చాలకాలము గడచినపిమ్మట అమెరికాలో కోర్నెల్ విశ్వవిద్యాలయమువారు విద్యార్థులపై జరిపిన పరిశోధన యొకటి చదివితిని. ఇతరులు మనలను గమనించుచున్నారని మనమనుకొనుదానిలో సగము మాత్రమే నిజమట. నాడెవరైన నీ మాట నా చెవిని వేసియున్న నెంత బాగుండెడిది!

నన్ను గట్టెక్కించినది ఒకే యలవాటు. వారమున కొకనాడు బుద్ధిపూర్వకముగా ఒక బస్సును వదలి, తరువాతి బస్సు వచ్చువరకు మన యూరుగాని, మన గ్రూపుగాని, మన వీధిగాని కాని యొకనితో నిలిచి మాటలాడుట. ఇంతే. దీనికి పెద్ద ధైర్యమును అక్కఱలేదు, పెద్ద డబ్బును అక్కఱలేదు. విద్యార్థి పాసు ఈ బస్సునకెంతయో దాని తరువాతి బస్సునకును అంతే. ఆపని మొదలిడునపుడు నీ మార్కులెన్ని, నీ గుఱియేమి అని ప్రశ్నింపరాదు. అవి పరీక్షాధికారుల ప్రశ్నలు. వాని యింటి పనిని గూర్చి యడుగవలెను. సంక్రాంతికి ముందు ఒకనాడు కశింకోట వైపునుండి వచ్చు నొకనిని “మీ ఊళ్లో బెల్లం వండడం మొదలెట్టీసేరేటి?” అని యడిగితిని. నాలో నేనే మ్రింగికొనుచుండిన ఆ “ఏటి” మొదటిసారి నిర్భయముగా వెలువడినది. వాడు పుస్తకముల సంచి క్రింద పెట్టి, “ఎప్పుడో మొదలెట్టీసేం. రంగు లేదని రేటు కోసీస్తన్నారు. అందుకే పాకంలో తెల్లబరిచే హైడ్రోసు ఏస్తన్నాం. ఇంట్లోకి మాత్రం ఎయ్యం, ఇంటికి నల్లబెల్లమే” అని మొదలుపెట్టి, పెనము మీద పాకము పొంగునపుడు దానిని తిరుగత్రిప్పు చేయి యెట్లు కమిలిపోవునో, తెల్లగా మెఱసిన దిమ్మ కొంతకాలము నిలువయున్న యెట్లు మరల నల్లబడునో కన్నులకు కట్టినట్లు చెప్పెను. ఆ హైడ్రోసు చేయు పనికి పేరైన క్షయకరణమను మాటను రసాయనశాస్త్రపు తరగతిలో కంఠస్థము చేసినవాడను; దానికి రుచియు, ధరయు, తండ్రి అప్పును కలవని బస్టాండులో తెలిసికొంటిని. బస్సు వచ్చినది, మే మిరువురమును ఎక్కలేదు.

ఈ యలవాటునకు పండితుల సాక్ష్యము లేకపోలేదు. గ్రానోవెటరను సమాజశాస్త్రవేత్త 1973లోనే చెప్పినదేమనగా, ఉద్యోగము వంటి క్రొత్త వార్తలు మనకు ప్రాణస్నేహితుల వలన కంటె ముఖపరిచయముగలవారి వలననే యెక్కువగా చేరునని. మన వారికి తెలిసినది మనకును తెలిసియే యుండును గదా! కాన్సస్ విశ్వవిద్యాలయపు ఆచార్యు డొకడు పరిచయము సాధారణ స్నేహమగుటకు సుమారు 50 గంటలు కలసి గడపవలెనని లెక్క తేల్చెను. వారమునకు అరగంట చొప్పున 100 వారములు. సెలవులు పోగా మూడేండ్ల డిగ్రీ ఇంచుమించుగ నంతే. లెక్క చూచి బెదరవలదు. ఒక బస్సు వదలినవాడు కనుమనాడు శంకరము వద్ద బొజ్జన్నకొండకు కలసి పోవును, కొత్త అమావాస్యకు నూకాలమ్మ జాతరలో కలసి తిరుగును. గంటలు వాటంతటవే పెరుగును.

ఆడపిల్లల మాట యేమని నన్ను చాలమంది యడిగిరి, న్యాయమైన ప్రశ్న. అరగంట యాలస్యమైనచో ఇంట పది ప్రశ్నలు ఎదురగు పిల్లను బస్సు వదలుమనుట నాకు తగదు. ఆమెకు మధ్యాహ్నపు క్యారియరున్నది. రోజు కూర్చుండు చెట్టు విడిచి వేఱొక చెట్టు క్రింద మూత తీయవలెను. ఎండుచేపల పులుసును, ఆవపెట్టిన పనసపొట్టు కూరయు ఇటునుండి యటు మారినచో సంభాషణము తనంతట తానే సాగును. వాసన వచ్చినదని ముక్కు మూసికొను పిల్లలుందురు. వారిని గూర్చి యేమి చెప్పుదును, వారి తల్లిదండ్రుల ననవలెను.

తక్కిన హితవు లెల్లవారును ఎఱిగినవే: వేళకు నిద్రింపవలెను, దినపత్రిక చదువవలెను, ఎన్.ఎస్.ఎస్.లో చేరవలెను, వేదికపై రెండు మాటలైన నభ్యసింపవలెను, స్నేహితునికి అప్పిచ్చినచో తిరిగి రాదనుకొని యియ్యవలెను. వీనిని వివరించుటకు వేఱు పుస్తకములు కలవు.

బస్సు వదలదలచిన దినమున ఇంటిలో ఉదయమే చెప్పి బయలుదేరుము. టీకి ఇద్దఱికి సరిపడు చిల్లర జేబులోనుంచుము, మొదటిసారి నీవే యిమ్ము. నీ వెంచుకొన్నవాడు ముభావముగా నున్నచో వచ్చేవారము మఱల నడుగుము; వాడును ఏ నవ్వునకో వెఱచి యుండవచ్చును. వానకాలమున తరువాతి బస్సు రాకపోవుటయు కలదు. షేరాటోకు పైకము విడిగా దాచుకొనుము. ఇక ఆఖరి బస్సును వదలినవానికి మాత్రము నేను బాధ్యుడను కాను.