మాంచాల మాటలు విన్నదెవరు?

"కాల్పనిక రచన అంటే ఏమిటి?" అని తొమ్మిదో తరగతిలో అడిగి చూడండి. "జరగనిది సార్" అని సగం క్లాసు ఒక్క గొంతుతో చెబుతుంది. "మరి కాల్పనికేతరం?" "జరిగింది సార్." గైడులో అలాగే ఉంటుంది, పరీక్షలో మార్కూ పడుతుంది. అదే క్లాసులో, "పల్నాటి వీరచరిత్ర ఈ రెండింటిలో ఏది?" అనండి. కారంపూడి, మాచర్ల, గురజాల పిల్లలు ఊరుకోరు. వీర్లగుడి కళ్లెదుట ఉంది, చెన్నకేశవస్వామి ఉన్నాడు, నాగులేరు ఉంది, ఏటా ఉత్సవం జరుగుతుంది. జరగలేదని ఎవరనగలరు? సరే, జరిగిందే. మరి యుద్ధానికి బయల్దేరే ముందు బాలచంద్రుడితో అతని భార్య మాంచాల ఆడిన మాటలు పక్కన కూర్చుని రాసుకున్నదెవరు?

పిల్లలు నిజంగా ఆలోచనలో పడేది ఇక్కడే. పల్నాడులో తెలుగు చెప్పే మాస్టర్లకు, టీచర్లకు ఈ పాఠానికి బయటి సామగ్రి ఏదీ అక్కర్లేదు. అయితే వీరచరిత్రను మొదటి రోజే ఎత్తుకోవద్దు. పిల్లలకు అది పుస్తకం కాదు, ఇంటి మాట. చేతికి ఒక కొలబద్ద ఇవ్వకుండా దాని జోలికి వెళితే క్లాసు వాదనలో పడి కొట్టుకుపోతుంది.

జరిగింది, జరగనిది అన్న నిర్వచనాన్ని ముందు పక్కన పెట్టించండి. దాని బదులు ఒకే ప్రశ్న అలవాటు చేయండి: ఇందులో ఒక వివరం తప్పని రేపు తేలితే, రాసినవాళ్లు దిద్దుకోవాలా, అక్కర్లేదా? దిద్దుకోవాల్సి వస్తే అది కాల్పనికేతరం. అక్కర్లేకపోతే కల్పన. నిర్వచనంలో రాని స్పష్టత ఈ ప్రశ్నతో వస్తుంది. ఎందుకంటే ఇది రచయిత పాఠకుడికి ఇచ్చిన మాటను పట్టుకుని అడిగే ప్రశ్న.

నల్లబల్ల మీద రెండు ముక్కలు రాయండి. ఎడమవైపు: "శనివారం రాత్రి కురిసిన వానకు దుర్గి మండలంలో కళ్లాల్లో ఆరబోసిన మిర్చి తడిసింది." కుడివైపు: "మొదటి చినుకు రేకు మీద పడగానే సీతమ్మకు మెలకువ వచ్చింది. పట్టా కోసం చీకట్లో తడుముకుంది. కళ్లంలో మిరపకాయలు, ఆ కాయల మీద తెచ్చిన అప్పు, రెండూ ఒక్కసారే గుర్తొచ్చాయి." ఇప్పుడు అడగండి: వాన పడింది ఆదివారమని తేలింది, ఏం చేద్దాం? ఎడమది తప్పయిపోయిందని, మర్నాడు పేపర్లో సవరణ వేయాలని పిల్లలే అంటారు. కుడివైపు దానికి ఏమీ కాదు. సీతమ్మ అనే మనిషే లేదన్నా ఏమీ కాదు. వెంటనే ఇంకో ప్రశ్న వేయండి: మిర్చి రైతు గుండెలో ఏముంటుందో రెండింటిలో ఏది బాగా చెప్పింది? ఇళ్లలో మిర్చి వేసిన పిల్లలు కుడివైపు చేయి చూపిస్తారు. కల్పన అంటే అబద్ధం అన్న పొరపాటు అభిప్రాయం అక్కడే సడలుతుంది. ఆ పొరపాటును పోగొట్టకుండా ముందుకు వెళ్లొద్దు. దాంతో పెద్దయిన పిల్లలు నవలలు చదవడం కాలక్షేపం అనుకుంటారు, అచ్చులో కనబడిందల్లా నిజమనీ అనుకుంటారు.

రెండో పీరియడుకు వినుకొండ వెళ్దాం. 1895లో అక్కడ పుట్టిన జాషువా రాసిన రెండు పుస్తకాలు ఈ పాఠం కోసమే ఉన్నట్టుంటాయి. 1941 నాటి 'గబ్బిలం'లో ఒక అంటరాని పేదవాడు తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం కాశీకి వెళ్లిందా అని ఎవరూ ఆరా తీయరు. వెళ్లలేదని తేలినా కావ్యం చెక్కుచెదరదు. ఆ పేదవాడి ఆకలి, అవమానం మాత్రం కవి కళ్లారా చూసినవి, తానే పడినవి. 'నా కథ' ఆయన ఆత్మకథ, అదీ పద్యాల్లోనే. పద్యంలో ఉంటే కల్పన, వచనంలో ఉంటే వాస్తవం అని చాలామంది పిల్లలు గుర్తుపెట్టుకుంటారు. ఆ గుర్తు ఇక్కడ పనిచేయదు. 'నా కథ'లో ఊరి పేరో, సంవత్సరమో తప్పు పడితే దిద్దాల్సిందే, ఛందస్సు ఎంత చక్కగా కుదిరినా సరే. రూపం వేరు, ఇచ్చిన మాట వేరు అని చెప్పడానికి ఇంత దగ్గరి ఉదాహరణ నాకింకోటి తోచడం లేదు.

పదో తరగతి అయితే 1920ల మొదటి ఏళ్లను కూడా తీసుకురండి. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు వేసిన పుల్లరి కట్టబోమని పల్నాడు ఎదురుతిరిగింది. మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తుపాకీకి బలయ్యాడు. ఆ ఉద్యమ రోజుల్లోనే పల్నాడు వచ్చి అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో 'మాలపల్లి' రాశారు. హనుమంతు జీవితం రాసేవాళ్లు తేదీకి, చోటుకి, సాక్ష్యానికి కట్టుబడాలి. 'మాలపల్లి' పాత్రలకు అలాంటి కట్టుబాటు లేదు. అయినా మద్రాసు ప్రభుత్వం భయపడి నిషేధించింది ఆ నవలనే. కల్పనకు బలం లేదనే పిల్లవాడికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇప్పుడు వీరచరిత్ర. పన్నెండో శతాబ్దపు యుద్ధం. ఆ ద్విపద కావ్యాన్ని శ్రీనాథుడిదిగా చెబుతారు. ఆయన యుద్ధం జరిగిన దాదాపు రెండు వందల ఏళ్లకు పుట్టినవాడు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి అచ్చు వేయించారు. కారంపూడిలో వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తున్నారు. తర్వాత సినిమాలు. 1947లో కన్నాంబ నాగమ్మ, 1966లో భానుమతి నాగమ్మ. ఈ వరసను నల్లబల్ల మీద పైనుంచి కిందికి రాయించండి. పిల్లల మనసులో ఉన్న నాగమ్మ ఈ మెట్లలో ఎక్కడిదో వాళ్లనే వెతకమనండి. చాలామందిది సినిమా నాగమ్మేనని వాళ్లకే తెలుస్తుంది.

ఆ తర్వాత కథలోంచి ఏరిన విషయాలను మూడు వరసలుగా రాయించండి. ఈనాటికీ వెళ్లి చూడగలిగినవి, అంటే గుళ్లు, ఊళ్లు, ఏరు. అందరూ ఒకేలా చెప్పేవి, అంటే కోడిపందెం, మలిదేవాదుల వలస, అలరాజు రాయబారం. కవి ఊహించి ఉంటే తప్ప తెలిసే వీల్లేనివి, అంటే నాలుగు గోడల మధ్య మాటలు, చనిపోబోయేవాడి మనసులోని ఆలోచన. మాంచాల మాటలు ఏ వరసలో పడతాయో మీరు చెప్పొద్దు. కొంచెం ఆలస్యమైనా పిల్లలే చెబుతారు. రెండో వరస మీద మాత్రం ఒక్క మాట మీరే అనాలి: అందరూ చెబుతున్నారంటే అది ఇంకా పరిశీలించాల్సిన విషయం అని అర్థం, రుజువైందని కాదు. శాసనం ఉందా, ఆనాటి రాత ఉందా అని అడగడం సోషల్ టీచరు పని. ఆ పీరియడుకు ఆయన్ని పిలవండి. ఇద్దరూ ఒకే క్లాసులో నిలబడి చెబితే ఈ తేడా ఏ ఒక్క సబ్జెక్టుదీ కాదని పిల్లలకు తెలుస్తుంది.

ఇక్కడ జాగ్రత్త పడాల్సినవి రెండు. వీరులు ఈ నేల మీద పూజలందుకునేవాళ్లు. "ఇదంతా కట్టుకథ" అనే మాట మీ నోట రాకూడదు. అలా అనడం అమర్యాద, పైగా తప్పు కూడా. ఒక పిల్లవాడు చిన్నబుచ్చుకుంటే, "యుద్ధం సంగతి వేరు, కవి రాసిన సంభాషణ సంగతి వేరు" అని ఓపికగా విడదీసి చెప్పండి. రెండోది, "బ్రహ్మనాయుడిది న్యాయమా, నాగమ్మది న్యాయమా?" అన్న చర్చను ఈ పాఠంలోకి రానివ్వకండి. అది క్షణంలో కులాల మాటగా మారుతుంది. మన ఊళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. అడిగిన పిల్లవాణ్ని కసరవద్దు. "అది ఇంకో రోజు మాట్లాడదాం, ఇవాళ ఎవరు ఎలా చెప్పారన్నదే చూద్దాం" అంటే చాలు.

రాతపనికి వచ్చేసరికి నాకు అన్నింటికంటే బాధ కలిగించేది వ్యాసాల్లో పుట్టించిన సూక్తులు. మార్కుల కోసం "అని గాంధీజీ అన్నారు", "అని ఒక మహాకవి పేర్కొన్నాడు" అని పిల్లలు రాసేస్తారు. ఎక్కడ అన్నారంటే తెలియదు. చూసీ చూడనట్టు మనం టిక్కు పెడతాం. వ్యాసం కాల్పనికేతరం అని నేర్పుతూ అందులో కల్పించిన మాటకు మార్కు ఇస్తే, పాఠం మొత్తం అక్కడే చెడుతుంది. ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి, "ఎక్కడ చదివావు?" అని రాయండి. చెప్పగలిగితే మార్కు, లేకపోతే ఆ వాక్యాన్ని సొంత మాటగా మార్చి రాయమనండి. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి సూక్తినీ నమ్మకుండా ఉండే అలవాటు ఈ ఎర్ర గీతతోనే మొదలవుతుంది.

పరీక్షలో "కాల్పనికమా, కాల్పనికేతరమా?" అని ఒక మాటతో సరిపెట్టే ప్రశ్న ఇవ్వొద్దు. బట్టీతో దాటిపోతారు. పాఠ్యపుస్తకంలో లేని ఆరేడు వాక్యాల పేరా ఇచ్చి, అది ఏదో రెండు కారణాలతో రాయమనండి. మార్కులు కారణాలకే. తప్పు జవాబుకు మంచి కారణం రాసిన పిల్లవాడికి సగం మార్కులైనా రావాలి. పాఠం ఎప్పుడు పెట్టుకోవాలంటే, కార్తీక అమావాస్యకు ముందు వారం. అమావాస్య నుంచి ఐదు రోజులు కారంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు జరుగుతాయి. వెళ్లగలిగిన పిల్లలు వెళ్తారు, వెళ్లలేనివాళ్లు ఇంట్లో నాయనమ్మనో తాతనో అడుగుతారు. చూసినవాళ్లు చూసింది చూసినట్టు ఒక పేజీ, విన్నవాళ్లు ఎవరి నోట విన్నారో పేరు రాసి ఒక పేజీ. ఇద్దరూ అదే సంగతి మీద కథగా ఇంకో పేజీ. ఆ పేజీలు దిద్దేటప్పుడు చూసింది, విన్నది రాసినవాటిలో వివరం చూడండి, కథగా రాసినవాటిలో మనిషిని చూడండి.